కోటు లోపల కుట్టుకున్న కాగితం

పాస్కల్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఒక యూనిట్. ఒక చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం పడితే అది ఒక పాస్కల్ పీడనం. ఆ తర్వాత హైడ్రాలిక్ ప్రెస్సు గుర్తొస్తుంది. ఇంటర్‌లో బైనోమియల్ చదివినవాళ్లకు ఆయన పేరు మీదున్న త్రిభుజం గుర్తొస్తుంది. దాన్ని మన దేశంలో మేరు ప్రస్తారం పేరుతో ఆయనకంటే కొన్ని వందల ఏళ్ల ముందే ఎరుగుదురు. కంప్యూటర్ సైన్సు సీనియర్లను అడిగితే 1970లో నిక్లాస్ విర్త్ తయారుచేసిన పాస్కల్ భాష గురించి చెబుతారు.

ఇన్ని చోట్ల పేరు మిగిల్చుకున్న మనిషి ముప్పై తొమ్మిదేళ్లకే చనిపోయాడు. పద్దెనిమిదో ఏడు దాటాక నొప్పి లేని రోజు ఒక్కటి కూడా తనకు తెలియదని ఇంట్లోవాళ్లతో చెప్పుకున్నాడట. మన టెక్స్ట్‌బుక్కుల్లో ఈ సంగతి ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కానీ ఇంత లెక్క తెలిసిన మనిషి, దేన్నైనా ప్రయోగం చేసి చూస్తే గానీ ఒప్పుకోని మనిషి, అంత నొప్పిలో దేవుడి మీద నమ్మకం ఎలా నిలుపుకున్నాడు అన్నది మాత్రం తెలుసుకోవాల్సిన కథ. అది అంత తేలికగా జరగలేదు కాబట్టే తెలుసుకోవాలి.

తల్లి లేని ముగ్గురు పిల్లలు

బ్లేజ్ పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్స్ మధ్యభాగంలో ఉన్న క్లెర్మోన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఎతియెన్ పన్నుల శాఖలో పెద్ద అధికారి, లెక్కల్లో కూడా దిట్ట. బ్లేజ్‌కు మూడేళ్లప్పుడు తల్లి చనిపోయింది. అక్క గిల్బెర్త్, చెల్లెలు జాక్లిన్, మధ్యలో ఈ పిల్లాడు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1631లో పిల్లల్ని తీసుకుని పారిస్ వచ్చేశాడు. కొడుకుని ఏ బడికీ పంపకుండా తానే చదువు చెప్పాడు.

ఆ చదువుకి ఒక షరతు ఉండేది. ముందు భాషలు రావాలి, లెక్కలు తర్వాత. లెక్కల పుస్తకాలన్నీ పిల్లాడికి అందకుండా దాచేశాడట. వద్దన్న పని మీదే పిల్లలకు మనసు కదా. పన్నెండేళ్ల బ్లేజ్ ఆటల టైములో నేల మీద బొగ్గుతో గీతలు గీసుకుంటూ, గీతకీ వృత్తానికీ తనే పేర్లు పెట్టుకుంటూ, త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే రెండు లంబకోణాలు అవుతాయన్న దాకా వచ్చేశాడని గిల్బెర్త్ రాసింది. చూసిన తండ్రికి కళ్లనీళ్లు వచ్చాయట. ఆ రోజుతో షరతు పోయింది, యూక్లిడ్ పుస్తకం చేతికొచ్చింది. పదహారేళ్లకు శంకుచ్ఛేదాల మీద ఒక చిన్న వ్యాసం రాసి అచ్చువేయించాడు. మనం ఆ వయసులో ఎంసెట్ మెటీరియల్‌తో కుస్తీ పడుతుంటాం.

నాన్న కోసం ఒక యంత్రం

1640లో తండ్రికి రువాన్ అనే పట్టణంలో పన్నుల లెక్కలు చూసే బాధ్యత పడింది. రాత్రి తెల్లవార్లూ కూడికలు. అప్పటి ఫ్రాన్స్ డబ్బు దశాంశాల్లో లేదు. ఒక లీవ్ర్‌కు 20 సూలు, ఒక సూకు 12 దెనియేలు. మన తాతల కాలపు రూపాయి అణా పైసా లెక్కలాగే తలనొప్పి. నాన్న కష్టం చూడలేక పాస్కల్ 1642లో, ఇంకా ఇరవై నిండకముందే, కూడికలు చేసే యంత్రం మొదలుపెట్టాడు.

పళ్ల చక్రాలు తిప్పితే అంకెలు మారడం వరకు సులువే. అసలు కష్టం క్యారీ దగ్గర. 99,999కి ఒకటి కలిపితే అన్ని చక్రాలూ ఒకేసారి కదలాలి. ఆ బలమంతా వేలితో మొదటి చక్రం మీదే పెడితే యంత్రం బిగుసుకుపోతుంది. అందుకని ఒక్కో చక్రం తొమ్మిది వైపు తిరుగుతున్నప్పుడే ఒక చిన్న బరువుని కొంచెం కొంచెంగా పైకెత్తేలా, సున్నాకి రాగానే అది కింద పడి పక్క చక్రాన్ని ఒక గడి ముందుకు నెట్టేలా ఏర్పాటు చేశాడు. ఈ ఒక్క ఐడియా పనిచేయడానికి యాభై దాకా నమూనాలు కట్టాడు. మూడేళ్లు పట్టింది. ప్రాజెక్టు వర్క్ చేసినవాళ్లకు ఆ యాభై అనే అంకె బరువు తెలుస్తుంది. ఆ యంత్రం ఖరీదెక్కువ కావడంతో పెద్దగా అమ్ముడుపోలేదు.

ఆ మూడేళ్ల శ్రమతోనే ఆయన ఆరోగ్యం పాడైందని ఇంట్లోవాళ్లు అనుకునేవారు. 1647 నాటికి పరిస్థితి బాగా దిగజారింది. తలనొప్పి, కడుపులో మంట. ఏ ద్రవమైనా గోరువెచ్చగా చేసి చుక్క చుక్కగా పోస్తే తప్ప గొంతు దిగేది కాదు. కొన్నాళ్లు నడుము కింద నుంచి కాళ్లు పనిచేయక కర్రల సాయంతో నడిచాడు. పాదాలు మంచులా చల్లబడిపోతుంటే బ్రాందీలో తడిపిన మేజోళ్లు తొడిగేవారు. ఆ సెప్టెంబరులో దెకార్త్ అంతటి వాడు చూడటానికి వచ్చి, రోజూ మంచం మీదే విశ్రాంతి తీసుకోమనీ, సూపు తాగమనీ సలహా ఇచ్చి వెళ్లాడు. మనకు కోఆర్డినేట్ జామెట్రీ ఇచ్చిన దెకార్తే.

మంచు మీద జారిన తండ్రి

దేవుడి సంగతి ఆ ఇంట్లోకి ఒక ప్రమాదంతో వచ్చింది. 1646 జనవరిలో ఎతియెన్ మంచు మీద జారిపడి తుంటి దెబ్బతింది. ఆ వయసులో ఆ దెబ్బ అంటే ప్రాణం మీదికే. ఎముకలు సరిచేయడంలో చేయి తిరిగిన ఇద్దరు అన్నదమ్ములు మూడు నెలలు ఆ ఇంట్లోనే ఉండి వైద్యం చేశారు. ఆ ఇద్దరూ జాన్సెనిజం అనే క్రైస్తవ ధోరణిని గట్టిగా నమ్మినవాళ్లు. మనిషి తన బలంతో మంచివాడు కాలేడు, అంతా దేవుడి కృపే అన్నది దాని సారం. వాళ్లు ఇచ్చిన పుస్తకాలు ముందు పాస్కల్ చదివాడు, తర్వాత చెల్లెలికి, ఆ తర్వాత ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

అప్పటిదాకా ఆ ఇంట్లో భక్తి లేక కాదు. పండక్కి గుడికి వెళ్లినట్టు ఉండేది. ఇప్పుడు అది జీవితం మొత్తాన్ని అడిగేదిగా మారింది. అందరికంటే ముందు మారింది జాక్లిన్. పోర్ రోయాల్ అనే మఠంలో సన్యాసిని అవుతానంది. తండ్రి బతికున్నంతవరకు ఒప్పుకోలేదు.

పాస్కల్ మాత్రం చప్పున సన్యాసి అయిపోలేదు. జబ్బుతో ఉంటూనే సైన్సు చేశాడు. పాదరసం నింపిన గొట్టాన్ని తిరగేస్తే పైన ఖాళీ ఏర్పడుతుందని టోరిసెల్లి చూపించాడు. ఆ పాదరసాన్ని నిలబెడుతున్నది బయటి గాలి బరువే అయితే, కొండ ఎక్కితే గాలి తగ్గాలి, పాదరసం దిగాలి. పాస్కల్‌కు కొండ ఎక్కే శక్తి లేదు. అందుకని సొంతూరి దగ్గరున్న పుయ్ ద దోమ్ అనే కొండ ఎక్కమని బావ ఫ్లోరిన్ పెరియేకు, అంటే గిల్బెర్త్ భర్తకు, ఉత్తరం రాశాడు. 1648 సెప్టెంబరు 19న ఆయన ఎక్కాడు. కింద మఠం తోటలో ఒక గొట్టం పెట్టి, రోజంతా దాన్ని చూస్తూ ఉండటానికి ఒక మనిషిని కూర్చోబెట్టాడు. ఇవాళ మనం కంట్రోల్ అంటున్నది అదే. కింద ఉన్న పాదరసం దాదాపు 711 మిల్లీమీటర్ల దగ్గర కదలకుండా ఉంటే, పైన అది 627కి దిగింది. రెండిటికీ తేడా సుమారు 85 మిల్లీమీటర్లు. అనుమానం లేకుండా పైన ఐదుసార్లు, గాలి తగిలే చోటా తగలని చోటా కొలిచారు. వాతావరణ పీడనం అన్న మాట అప్పుడు గట్టిపడింది.

ఒక ఉత్తరం, ఒక గొడవ

1651 సెప్టెంబరులో తండ్రి చనిపోయాడు. పాస్కల్‌కు తల్లీ తండ్రీ గురువూ ఆయనే. కొన్ని వారాల తర్వాత అక్కాబావలకు ఒక పెద్ద ఉత్తరం రాశాడు. చావు అనేది గుడ్డిగా, విధి వశాన జరిగిందనుకుంటే మనసు ఊరుకోదని, అది దేవుడి చేతిలోంచి వచ్చిందనుకుంటేనే తట్టుకోగలమని అందులో వాదించాడు. గ్రీకు రోమను జ్ఞానుల ఓదార్పు ఇక్కడ పనికిరాదన్నాడు. అయితే ఏడవకూడదని మాత్రం అనలేదు. మనం దేవదూతలం కాదు కాబట్టి దుఃఖపడటం న్యాయమేననీ, దుఃఖం పక్కనే ఆశ కూడా ఉండాలనీ అన్నాడు. ఆరేళ్ల ముందు ఈ చావు వచ్చి ఉంటే తాను ఏమైపోయేవాణ్నో అని కూడా ఒప్పుకున్నాడు.

అంత చక్కని ఉత్తరం రాసిన మనిషి కొద్ది నెలల్లోనే చాలా మామూలు మనిషిలా ప్రవర్తించాడు. 1652 జనవరిలో జాక్లిన్ మఠంలో చేరింది. తన వాటా ఆస్తి మఠానికి కట్నంగా ఇవ్వాలనుకుంది. పాస్కల్ అడ్డుపడ్డాడు. ఒంటరిగా మిగిలిపోతానన్న భయం, డబ్బు గురించిన లెక్క, రెండూ కలిశాయి. చెల్లెలు బాగా నొచ్చుకుంది. చివరకు ఇచ్చాడు గానీ ఆ గీత పడనే పడింది. దేవుడి మీద నమ్మకం గురించి బాగా రాయగలగడం వేరు, సొంత ఇంట్లో దాన్ని బతకడం వేరు. పాస్కల్ కథలో ఇది దాచకుండా ఉంది.

1654 నవంబరు 23

ఆ తర్వాత రెండు మూడేళ్లు ఆయన పారిస్ పెద్దమనుషుల మధ్య తిరిగాడు. ఆట మధ్యలో ఆగిపోతే పందెం డబ్బు ఎలా పంచుకోవాలన్న జూదరుల ప్రశ్న అక్కడే తగిలింది. 1654 వేసవిలో దాని మీద పియెర్ ద ఫెర్మాతో ఉత్తరాలు నడిచాయి. మన ప్రాబబిలిటీ సబ్జెక్టుకి పునాది ఆ ఉత్తరాలే. బయటికి చూస్తే ఆయన జీవితంలో అదే అన్నిటికంటే మంచి సంవత్సరం. లోపల మాత్రం ఏదీ రుచించడం లేదని, దేవుడు కూడా దూరంగానే ఉన్నాడని మఠంలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్లి చెప్పుకునేవాడు. కట్నం గొడవ పడిన అదే చెల్లెలు దగ్గర.

ఆ ఏడాది నవంబరు 23, సోమవారం, రాత్రి సుమారు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఆయనకు ఏదో జరిగింది. ఎవరికీ చెప్పలేదు. ఒక కాగితం మీద గబగబా రాసుకున్నాడు. తేదీ, టైము రాసి మరీ రాశాడు, ల్యాబ్ రికార్డులో రాసినట్టు. నిప్పుతో మొదలయ్యే ఆ రాత పూర్తి వాక్యాలు కాదు, ముక్కలు ముక్కలు. వాదనలతో రుజువు చేసే తత్వవేత్తల దేవుడు కాదు, పూర్వం మనుషులు పేరుపెట్టి పిలిచి వెంట నడిచిన దేవుడు తనకు తెలిశాడన్నది దాని భావం. సంతోషంతో ఏడ్చినట్టు ఉంది. ఆ దేవుణ్ని వదిలి దూరం వెళ్లానన్న బాధ కూడా ఉంది.

దాన్ని మళ్లీ ఒక తోలు కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాసి, రెండూ కలిపి కోటు లోపలి గుడ్డలో కుట్టుకున్నాడు. కోటు మార్చినప్పుడల్లా విప్పి కొత్తదాంట్లో కుట్టుకునేవాడు. ఎనిమిదేళ్లు అలా మోశాడు. అక్కకు కూడా తెలియదు. ఆయన చనిపోయిన కొద్ది రోజులకు ఒక పనివాడి చేతికి కోటులో ఏదో మందంగా తగిలితే విప్పి చూశారు.

మేనకోడలికి నయమైంది, తనకు కాలేదు

ఇక్కడే కథలో అసలు ముడి ఉంది. గిల్బెర్త్ కూతురు మార్గరీత్ పోర్ రోయాల్‌లో ఉండి చదువుకుంటోంది. ఆ పిల్లకు కంటి మూలన పుండు, మూడేళ్లకు పైగా మానలేదు. చీము ముక్కులోంచి, నోట్లోంచి కారేది. కాల్చడమే మార్గమని వైద్యులు అన్నారు. 1656 మార్చి 24న ఏసుక్రీస్తు ముళ్లకిరీటంలోదని చెప్పే ఒక ముల్లు మఠానికి వచ్చినప్పుడు, దాన్ని ఆ పిల్ల కంటికి తాకించారు. పుండు మానింది. వైద్యులు పరీక్షించి రాసిచ్చారు, చర్చి విచారించి ఒప్పుకుంది. మార్గరీత్ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది.

మార్గరీత్‌కు పాస్కలే జ్ఞానపిత. అప్పటికి పోర్ రోయాల్ తరఫున మారుపేరుతో వాదనల ఉత్తరాలు రాస్తూ జెస్యూట్లతో తగాదాలో నిండా మునిగి ఉన్నాడు. దేవుడు తమ ఇంటి పిల్లనే ముట్టుకున్నాడని ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషంలోంచే, నమ్మకం లేనివాళ్ల కోసం ఒక పెద్ద పుస్తకం రాయాలన్న పట్టుదల పెరిగింది.

కానీ ఆలోచించండి. పక్కన పిల్లకు నయమైంది. ఈయన తలనొప్పి, కడుపునొప్పి అలాగే ఉన్నాయి. మనలో చాలామంది నమ్మకం తెగిపోయేది ఇక్కడే. వాళ్ల మొక్కు తీరి మన మొక్కు తీరకపోతే, దేవుడికి మన అడ్రసు తెలియదేమో అనిపిస్తుంది. ఆపద మొక్కులు, సంపద మరుపులు అన్న సామెత మనకుంది. ఆపదలో మొక్కినా ఆపద పోకపోతే ఏం చేయాలో మాత్రం ఆ సామెత చెప్పదు.

పాస్కల్ ఏం చేశాడో ఆయన రాసుకున్న ఒక ప్రార్థనలో ఉంది. జబ్బుని మంచిగా ఉపయోగించుకోవడం నేర్పమని దేవుణ్ని అడిగే ప్రార్థన అది. పదిహేను భాగాలు. అందులో ఆయన ఆరోగ్యం ఇమ్మని పట్టుబట్టలేదు. అలాగని జబ్బే కావాలనీ అడగలేదు. ఆరోగ్యమో జబ్బో, బతుకో చావో, తనకు ఏది మంచిదో తనకే తెలియదని, తెలిసినవాడు నువ్వేనని, నిర్ణయం నీకే వదులుతున్నానని చెప్పుకున్నాడు. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆ ఆరోగ్యాన్ని వృథా చేశానని ఒప్పుకున్నాడు. నొప్పి లేకుండా చేయమని కాదు, నొప్పిలో నన్ను ఒంటరిగా వదలొద్దని అడిగాడు. నొప్పి మాత్రం ఉండి ఓదార్పు లేకపోతే అది తట్టుకోలేనిదని దాపరికం లేకుండా చెప్పాడు.

బెట్ కట్టిన పాస్కల్‌ను ప్రపంచమంతా ఎరుగును. దేవుడు ఉన్నాడో లేడో తేలనప్పుడు ఉన్నాడన్న వైపు పందెం కాస్తే లాభమే గానీ నష్టం లేదన్న వాదన ఆయనది. క్యాంటీన్లో వాదించుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ పందెం బయట నిలబడి ఉన్నవాళ్లను గుమ్మం దాకా తీసుకురావడానికి రాసింది. రాత్రి రెండింటికి తల పగిలిపోతున్నప్పుడు ఆయన పట్టుకున్నది పందేన్ని కాదు, ఆ ప్రార్థనని.

పంటినొప్పి, సైక్లాయిడ్

1658లో ఒక రాత్రి పంటినొప్పితో నిద్ర పట్టలేదు. మనసు మళ్లించుకోవడానికి సైక్లాయిడ్ గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. దొర్లే చక్రం అంచు మీద ఒక బిందువు గీసే వంపు అది. తెల్లారేసరికి నొప్పి సంగతి మర్చిపోయాడని ఇంట్లో చెప్పుకున్నారు. ఆ వంపు కింద వైశాల్యం, గురుత్వ కేంద్రం, దాన్ని తిప్పితే వచ్చే ఘనపరిమాణం అన్నీ తేల్చి, మారుపేరుతో పోటీ పెట్టాడు. ఆ సమయంలో రాసిన ఒక చిన్న గ్రంథంలోని త్రిభుజం చూసే తనకు కలనగణితానికి దారి దొరికిందని లైబ్నిజ్ తర్వాత చెప్పుకున్నాడు.

అదే ఆయన ఆఖరి పెద్ద లెక్క. 1659 నుంచి జబ్బు పూర్తిగా పడేసింది. 1660 జూలైలో ఫెర్మా కలుద్దామని, సగం దారి తాను వస్తానని రాశాడు. పాస్కల్ జవాబులో కర్ర లేకుండా నడవలేనని, గుర్రం ఎక్కలేనని, బండిలో కూడా మూడు నాలుగు ఆమడలకు మించి పోలేనని చెప్పాడు. జామెట్రీ అన్నిటికంటే గొప్ప బుద్ధి వ్యాయామమే గానీ, అదొక వృత్తి మాత్రమేనని కూడా రాశాడు. ప్రాబబిలిటీని పుట్టించిన ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

రాయాలనుకున్న పెద్ద పుస్తకం చీటీల దగ్గరే ఆగింది. పెద్ద కాగితాల మీద తోచింది తోచినట్టు రాయడం, ముక్కలుగా కత్తిరించడం, విషయం ప్రకారం దారంతో కట్టలు కట్టడం. వాక్యం సగంలో ఉండగా చెయ్యి ఆగిపోయిన చీటీలు కూడా ఉన్నాయి.

ఈ రోజుల్లోనే ఆయన భక్తిలో మనకు మింగుడుపడని ఒక సంగతి ఉంది. ములుకులున్న ఇనుప పట్టీ ఒకటి ఒంటికి కట్టుకునేవాడని, ఎవరైనా పొగిడినప్పుడు గర్వం వస్తే మోచేత్తో దాన్ని నొక్కుకునేవాడని గిల్బెర్త్ రాసింది. ఇప్పటికే నొప్పితో ఉన్న ఒంటికి ఇంకా నొప్పి పెట్టడం ఎందుకు? దేవుడి ప్రేమను నమ్మినవాడు తన ఒంటిని అలా చూడటం నాకైతే సరిగా అనిపించదు. దేవుడు ఇచ్చిన బాధని ఓర్చుకోవడం వేరు, మనమే బాధ కొని తెచ్చుకోవడం వేరు. పాస్కల్‌ను గౌరవిస్తూనే ఇది ఒప్పుకోకుండా ఉండొచ్చు.

ఐదు సూల బండి

1661 అక్టోబరు 4న జాక్లిన్ చనిపోయింది. ముప్పై ఆరేళ్లు. తమ మఠం నమ్మకాలను తప్పంటూ ఉన్న ఒక పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది, ఆ బాధతోనే పోయిందని అందరూ అన్నారు. పాస్కల్‌కు లోకంలో అంతకంటే ఇష్టమైన మనిషి లేదు. వార్త వచ్చినప్పుడు తనకూ అంత మంచి చావు ఇవ్వమని మాత్రం దేవుణ్ని అడిగి ఊరుకున్నాడట.

ఇలాంటి మనిషి ఇక గది తలుపులు వేసుకుని కూర్చుంటాడని అనుకుంటాం. ఆయన బస్సు సర్వీసు పెట్టాడు. నిజంగానే. స్నేహితుడు రోవనే డ్యూక్‌తో కలిసి, ఊళ్లో ఒకే దారిలో, నిర్ణయించిన టైములకు, ఎవరెక్కినా ఎక్కకపోయినా తిరిగే గుర్రపు బండ్లు. టికెట్టు ఐదు సూలు. 1662 మార్చి 18న మొదటి రూటులో ఏడు బండ్లు కదిలాయి. సొంత బండి లేనివాళ్లకోసం పెట్టిన సిటీ బస్సు ప్రపంచంలో అదే మొదటిది. ఆ చలికాలం బ్లువా ప్రాంతంలో కరువు. వచ్చే లాభంలో తన వాటా మీద వెయ్యి ఫ్రాంకులు ముందే ఇప్పిస్తే అక్కడి పేదలకు పంపుతానని అడిగాడు. లాభం వస్తుందో రాదో తేలకుండా అంత తొందరెందుకని ఇంట్లోవాళ్లు అంటే, ఆకలి వచ్చే ఏడాది దాకా ఆగదన్నది ఆయన జవాబు సారాంశం.

దేవుడు చూసుకుంటాడని నమ్మినవాడు చేతులు ముడుచుకు కూర్చోలేదు. తనను దేవుడు చూసుకుంటాడని నమ్మాడు కాబట్టే, తన దగ్గరున్నది దాచుకోకుండా ఇచ్చేయగలిగాడు.

ఆఖరి రెండు నెలలు

ఒక పేద కుటుంబాన్ని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఉత్తినే, అద్దె లేకుండా. 1662 వేసవిలో వాళ్ల పిల్లాడికి మశూచి సోకింది. రోజూ చూసుకోవడానికి వచ్చే గిల్బెర్త్‌కు చిన్న పిల్లలున్నారు, వాళ్లకు అంటుకుంటుందేమోనని భయం. సులువైన దారి ఆ పిల్లాణ్ని ఇంకెక్కడికైనా పంపడం. పాస్కల్ ఒప్పుకోలేదు. జబ్బుతో ఉన్న పిల్లాణ్ని కదిలిస్తే వాడికి ప్రమాదం, నేను కదిలితే అంత ప్రమాదం లేదని చెప్పి, జూన్ 29న తన సొంత ఇల్లు వాళ్లకే వదిలి అక్క ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

మూడు రోజులకు కడుపులో భరించలేని నొప్పి మొదలైంది. నాడి బాగానే ఉంది, భయం లేదని వైద్యులు అంటూ వచ్చారు. ప్రభువు భోజన సంస్కారం ఇప్పించమని అడిగితే, అంత అవసరం రాలేదని వాయిదా వేశారు. అప్పుడు ఇంకో కోరిక కోరాడు. తనకు ఇంతమంది సేవ చేస్తుంటే, ఇదే జబ్బుతో ఏ దిక్కూ లేని పేదవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో ఒకణ్ని ఈ ఇంటికి తీసుకొచ్చి, తనకు ఏ వైద్యం చేస్తున్నారో, ఏ పథ్యం పెడుతున్నారో అదంతా తేడా లేకుండా అతనికీ చేయమన్నాడు. వెంటనే అలాంటి మనిషి దొరకలేదు. అయితే తననే నయంకాని రోగుల ఆసుపత్రికి మోసుకెళ్లమన్నాడు, పేదల మధ్య చనిపోతానన్నాడు. కదిలిస్తే ప్రాణం పోతుందని వైద్యులు వద్దన్నారు. ఆ ఒక్క కోరికా తీరలేదు.

ఆగస్టు 17 రాత్రి మూర్ఛలు వచ్చాయి. చనిపోయాడనే అనుకున్నారు. మళ్లీ తెలివి వచ్చింది. ఫాదరు అప్పుడు సంస్కారం తెచ్చాడు. అడిగిన ప్రశ్నలకు స్పష్టంగా జవాబులు చెప్పి, దేవుడు తనను ఎప్పుడూ విడవకూడదని కోరుకుని అందుకున్నాడు. ఆ వెంటనే మూర్ఛలు తిరగబెట్టాయి. ఆగస్టు 19 రాత్రి ఒంటిగంటకు ప్రాణం పోయింది. వయసు ముప్పై తొమ్మిదేళ్ల రెండు నెలలు.

చీటీల కట్టలు ఎనిమిదేళ్ల తర్వాత, 1670లో, పాన్సే పేరుతో పుస్తకమై వచ్చాయి. పూర్తికాని ఆ పుస్తకమే పూర్తయిన చాలా పుస్తకాలకంటే ఎక్కువ కాలం నిలిచింది. 1971లో పీడనం యూనిట్‌కు ఆయన పేరు పెట్టారు.

కోటులో దొరికిన రెండిట్లో తోలు కాగితం తర్వాతి కాలంలో పోయింది. గబగబా రాసుకున్న మొదటి కాగితం ఇప్పటికీ పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. దాని మీద జబ్బు తగ్గుతుందన్న హామీ ఒక్కటీ లేదు. ఆ రాత్రి తర్వాత ఆయన బతికిన దాదాపు ఎనిమిదేళ్లూ నొప్పితోనే గడిచాయి. అయినా కోటు మార్చిన ప్రతిసారీ, కుట్లు విప్పి, దాన్ని తీసి, మళ్లీ కుట్టుకున్నాడు.